తుప్పు పట్టిన బోల్టు – కొలతల చరిత్ర

విజయవాడలో గవర్నర్‌పేట పేరుతో ఆర్టీసీ బస్సు డిపోలు ఉన్నాయి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టును ఊడదీయడం ఏ బస్సు డిపోలోనైనా తప్పని పని. ఈ పనికి సరైన పానా ఏదన్న ప్రశ్నకు జవాబు యంత్రశాస్త్రంలోనే కాదు, చరిత్రలో కూడా ఉంది. ఈ భాగంలో దానిని పరిశీలిద్దాం.

మరలకు ప్రమాణాలు

19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఒక్కొక్క కర్మాగారం తనకు తోచిన రీతిలో బోల్టులకు మరలు కోసేది. ఒకచోట చేసిన నట్టు మరొకచోట చేసిన బోల్టుకు పట్టేది కాదు. 1841లో బ్రిటిష్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణంతో ఒకే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణాన్ని సూచించాడు. ఐరోపా ఖండంలో మెట్రిక్ మరలు వ్యాపించాయి. ఈ విధంగా ప్రపంచంలో ఒకటికి మించిన ప్రమాణాలు నిలిచాయి.

విట్‌వర్త్ పానాపై ఉండే అంకె బోల్టు మందాన్ని తెలుపుతుంది గాని పానా మూతి వెడల్పును కాదు. అందువల్ల పావు అంగుళం అని రాసి ఉన్న పానా మూతి వెడల్పు సుమారు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో అంగుళం, మిల్లీమీటరు

1932లో నిజాం రాజ్య రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైంది. అవి బ్రిటన్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు. 1954–57 మధ్య విజయవాడ వద్ద నిర్మించిన ప్రకాశం బ్యారేజీ ఖానాల వెడల్పును కూడా 40 అడుగులుగా నిర్ణయించారు. అయితే 1954లోనే టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో మెట్రిక్ కొలతల లారీల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అశోక్ లేలాండ్ ఏర్పడి, బ్రిటిష్ అంగుళాల సంప్రదాయాన్ని కొనసాగించింది. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ విధానం దశలవారీగా అమలైంది. అదే సంవత్సరం జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

చట్టం కొత్త కొలతను నిర్ణయించగలదు గాని, అప్పటికే బిగించి ఉన్న బోల్టును మార్చలేదు. పాత బండి నడిచినంతకాలం మెకానిక్కు అంగుళాల పానాలు, మిల్లీమీటర్ల పానాలు రెండూ అవసరమయ్యాయి.

తుప్పు, పానా

అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ వెడల్పు తల ఉన్న బోల్టుకు 13 మిల్లీమీటర్ల పానా పట్టినట్లే కనిపిస్తుంది. మిగిలే సందు 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. కొత్త బోల్టు దానితో తిరగవచ్చు. కాని ఇనుము తుప్పుగా మారినప్పుడు ఎక్కువ చోటు ఆక్రమించి మరలను బిగదీస్తుంది. అప్పుడు బలమంతా తల మూలలపై పడి అవి అరిగిపోతాయి. తల గుండ్రబడితే తరచుగా ఉలితో నరకడమో, కోసివేయడమో చేయవలసి వస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు ముందుగా తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి, కిరోసిన్ లేదా పలుచని నూనె పోసి నాననిస్తారు. తరువాత తలపై సుత్తితో తేలికగా తడతారు. సరిగ్గా అమరే రింగు పానా లేదా ఆరు పలకల సాకెట్ వేసి, కొద్దిగా బిగించి, ఆపై వదులు చేస్తారు. అప్పటికీ కదలకపోతే, నూనె తుడిచి, దగ్గరలో ఇంధనం లేదని చూసుకొని నట్టును వేడిచేస్తారు. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు సడలుతుంది.

పరిపాలన చరిత్రలో మెట్రిక్ మార్పిడి కొన్ని తేదీలతో ముగుస్తుంది. శ్రామికుల చరిత్రలో అది ఆ తరువాత కూడా పానాల పెట్టెలో కొనసాగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కొలతల చట్టం అమలైన తరువాత కూడా మెకానిక్కులకు రెండు రకాల పానాలు ఎందుకు అవసరమయ్యాయి?