ఖనిజం దారిలో అరకు బండి

విశాఖ నుంచి అరకు పోయేవాళ్లకి కొత్తవలస అంటే కాసేపు బండి ఆగే చోటు, అంతే. కొండలింకా దూరంగా ఉంటాయి కాబట్టి ఫోన్లు కూడా బయటికి రావు. ఇక్కడ పుట్టినవాణ్ణి గనక నాకు ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది. మెయిన్ లైను విజయనగరం వైపు పోతే, కేకే లైను ఎడమకి విడిపోయి ఎల్.కోట, ఎస్.కోట మీదుగా కొండల్లో దూరుతుంది. మొదటి 'కే' మా ఊరే. రెండోది కిరండూల్. మధ్య దూరం దాదాపు 445 కిలోమీటర్లు.

మా తాత ఆ లైనుకి మట్టి మోశాడు. అరకు అందాల గురించి ఎవరైనా ఎత్తితే చుట్ట పక్కన పెట్టేవాడు. "సూడ్డానికి ఏసినారేటి? రాయి దించడానికి ఏసినారు!"

ఆయన మాట నిజమే. 1960లో జపాన్ ఉక్కు కర్మాగారాలతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. కిరండూల్ దగ్గరి బైలాడీలా గనుల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం వాళ్లకివ్వాలి. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ కొండకి ఆ పేరు. అక్కణ్ణించి విశాఖ రేవుకి దారి కావాలి, అడ్డంగా తూర్పు కనుమలు. తొలిచారు. 58 సొరంగాలు పడ్డాయి. శిమిలిగూడ దగ్గర పట్టాలు సముద్రమట్టానికి 990 మీటర్లు దాటి ఎక్కుతాయి. 1960ల రెండో సగంలో ఖనిజం దిగడం మొదలైంది. కొండ చూడ్డానికొచ్చే మనం ఆ బేరంలో కొసరు.

బొడ్డవర దాటితే ఎక్కుడు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా ఒకటే కేకలు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు నములుతూ నేనూ అరిచేవాణ్ణి, ఇప్పుడు మా మనవడు అరుస్తున్నాడు.

దారిలో వచ్చే బొర్రా గుహల్ని 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని గైడ్లు వల్లిస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అయినా కొండవాళ్లకి ఆ గుహని ఒకరు కనిపెట్టి చూపించాలా? మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగంలాంటి రాయి కనబడిందని వాళ్ల కథ. శివరాత్రికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. ఆవు పొదుగు పేరు పెట్టుకున్న గోస్తని ఆ కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

2017లో ఈ బండికి అద్దాల పెట్టె తగిలించారు. పోయినేడు మనవడితో అందులో ఎక్కాను. చిమిడిపల్లిలో క్రాసింగ్ పడింది. కింద లోయ, పైన మబ్బు, అందరూ ఫోన్లెత్తారు. ఇంతలో పక్క పట్టాల మీద నిండు గూడ్సు దిగింది. ఎంతకీ అవదు. పెట్టెలు లెక్కపెడుతూ నలభై దగ్గర తప్పాను. అది పోయాక ముందు సీటాయన జేబురుమాలు తీసి అద్దం మీద ఎర్రదుమ్ము తుడవబోయాడు. దుమ్ము బయటి వైపుంది.