జడుపుకు మందు

మా ఏర్పేడు పక్క పిల్లోడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తే ఆసుపత్రికి ఎవరూ పరిగెత్తేవాళ్లు కాదు. మసీదు కాడికి తీసుకుపోయి ఊదించుకొచ్చేవాళ్లు, హిందువులైనా సరే. మెడలో తాయెత్తు, సందెవేళ సాంబ్రాణి పొగ, రాత్రంతా పక్కన ఒక మనిషి. హెల్త్ అసిస్టెంటుగా మలేరియా పరీక్షకు రక్తపు చుక్కలు తీస్తూ ఊళ్లు తిరిగిన రోజుల్లో నేను ఆ తాయెత్తుల జోలికి పోలేదు. పక్కన పడుకునే ఆ మనిషే అసలు మందని నా లెక్క.

2017 ఏప్రిల్ 21న ఆ లెక్క చాలలేదు. స్వర్ణముఖి ఇసుకను అక్రమంగా తోలుతున్నారని చెప్పుకోవడానికి మునగలపాలెం రైతులు ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందుకొచ్చారు. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు మీద వచ్చిన లారీ కరెంటు స్తంభాన్ని గుద్ది జనంలోకి దూసుకొచ్చింది. చక్రాల కింద కొందరు, కరెంటు తగిలి కొందరు, పదిహేను మంది దాకా పోయారు. విరిగిన కాళ్లు రిజిస్టరుకెక్కుతాయి. ఒంటిమీద గీత పడకుండా ఇంటికొచ్చినోడికి ఏ రిజిస్టరులోనూ గడి ఉండదు.

అట్లాంటోళ్లలో ఒక్కొక్కడికి నెల దాటినా హారను వింటే చెమట్లు పడతాయి. కళ్లు మూస్తే అదే జరుగుతుంటుంది. రోడ్డు దాటడు, పెళ్లాం బిడ్డల మీద కసురుకుంటాడు, చివరికి బ్రాందీ షాపు దారి పడతాడు. పొగరనుకుంటారు ఊళ్లో.

ఈ బాధను వైద్యం సిపాయిల్లో గట్టిగా చూసింది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల నుంచి వణుకుతూ వచ్చినోళ్ల గురించి చార్లెస్ మైయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో రాశాడు. వియత్నాం యుద్ధం చేసొచ్చినోళ్లు పట్టుబట్టాక 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని పీటీఎస్‌డీ అనే పేరుతో జబ్బుల పట్టికలో చేర్చింది. మన దేశంలో 1984 భోపాల్ గ్యాస్ ఘోరం తర్వాత నిమ్హాన్స్ వైద్యులు అక్కడి మామూలు డాక్టర్లకు మనసు దెబ్బల్ని గుర్తుపట్టడం నేర్పారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడింది 2017 ఏప్రిల్ 7న, మా రోడ్డు మీద ఘోరానికి సరిగ్గా రెండు వారాల ముందు. అమలయింది మరుసటేడు మే నెలాఖరుకు!

మన పరామర్శల గురించి ఒక మాట. వచ్చిన ప్రతి చుట్టమూ “ఎట్ల జరిగింది, చెప్పు నాయనా” అంటాడు. గాయం పచ్చిగా ఉండగా బలవంతంగా చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. అన్నం పెట్టండి, తోడుండండి, వాడంతట వాడు చెబితే వినండి. చాలామంది అట్లనే కోలుకుంటారు. నెల దాటినా తగ్గకపోతే శిక్షణ ఉన్నోళ్ల దగ్గర వారాల తరబడి మెల్లగా చెప్పుకోవడం వేరే సంగతి. అవసరమైతే డాక్టరు మాత్రలూ రాస్తాడు.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. నేనయితే ఆ నంబరు భర్తకు ఒక చీటీ, భార్యకు ఒక చీటీ రాసిస్తాను. ముందు ఫోను చేసేది ఎక్కువగా ఆమే.