ర్యాలీ పథ నిర్మాణము

ర్యాలీ పథ నిర్మాణము: కంప్యూటరు పందెపు క్రీడలలో కారు నడుపుటకు వలయు మార్గమును, పరిసర భూభాగముతోఁ గూడ, క్రీడాకారులే స్వయముగా రూపొందించు ప్రక్రియ. 1984లో నింటెండో సంస్థ వెలువరించిన ఎక్సైట్‌బైక్ అను మోటారుసైకిలు పందెమునందే ఇట్టి సౌకర్యము కలదు. 1990 నాఁటి స్టంట్స్ అను క్రీడలో 30 నిలువు, 30 అడ్డము గదులు గల పలకమీఁద వంపులను, వంతెనలను పేర్చుకొనవచ్చును.

గదులు పేర్చు ఈ పద్ధతి, భూభాగము ననుసరించి స్వేచ్ఛగా వంపులు తిరుగు ర్యాలీ బాటకుఁ జాలదు. 2001లో ప్రపంచ ర్యాలీ విజేతయైన రిచర్డ్ బర్న్స్ పేర 2004లో వెలువడిన క్రీడకు, అందు పథ నిర్మాణ సాధనము లేకున్నను, అభిమానులు బాబ్స్ ట్రాక్ బిల్డర్ వంటి ఉపకరణములతో నూతన పథములను సమకూర్చిరి. ఇట్టి ఉపకరణములలో నిర్మాత తొలుత బిందువుల గుండ సాగు వక్రరేఖగా బాటను గీసి, వెడల్పును, ఎత్తును, ప్రక్కవాలును నిర్ణయించి, కంకర, తారు, మంచు మున్నగు ఉపరితలములకుఁ దగిన పట్టును నిర్దేశించి, పిమ్మట చెట్లను, గుంటలను, కంచెలను నిలుపును. వలయాకార పందెపుబాటలో రెండు కొనలును ఎత్తునందును దిశయందును కలియవలెను. ర్యాలీ పథమునకు ఆ నిర్బంధము లేదు గాని, మలుపుల తీవ్రతను ముందుగాఁ దెలుపు సహచాలకుని సూచనలను తగిన దూరమున నమర్చుట అత్యంత శ్రమసాధ్యము, పథము పరీక్షింపఁబడు కొలఁదియు నవి సవరింపఁబడుచుండును.

2017లో కోడ్‌మాస్టర్స్ సంస్థ వెలువరించిన డర్ట్ 4లో, పొడవును, క్లిష్టతను ఎన్నుకొన్నంతనే పథము యంత్రముచేతనే కల్పింపఁబడును.