ఇంటిగుట్టు: చావడి నుండి అంతర్జాలము వరకు

రాజపాళయములో ఏ తెలుగు ఇంటికైనను పరిచయము లేనివారు వచ్చినచో, కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చిన పిదప పెద్దలు అడుగు మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమి?" అనునది. రెండవది గోత్రము. మూడవ ప్రశ్న ముగియకముందే మేనమామ వరుసయో, పినతల్లి వరుసయో తేలును. ఇట్లడుగుట తప్పని ఎవరును తలపరు. ఏలయన అడుగువారు తమ ఇంటిపేరు చెప్పియే అడుగుదురు. చెప్పిన మాట ఎంతదూరము పోవునో చెప్పువారికిని తెలియును. నేడు మన ఇంటిపేరును, బిడ్డల వయస్సును, ఫోను నంబరును అడుగువారు వేరు. వారు తమ పేరు చెప్పరు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, మనము చేయదగినదేమో ఇచ్చట విచారింతము.

మన పూర్వులు విజయనగర కాలమున తెలుగుదేశము విడిచి దక్షిణమునకు తరలివచ్చిరని ఇంటింట చెప్పుకొందురు. రాజులేగాక కమ్మవారు, రెడ్లు మొదలగు తెలుగు కుటుంబములెన్నియో ఈ విరుదునగరు జిల్లాలో తరతరములుగా స్థిరపడియున్నవి. బడిలో తమిళము నేర్చితిమి. పెక్కుమందిమి జాబులు తమిళలిపిలోనే వ్రాసికొంటిమి. ఇంటిలో మాత్రము తెలుగు నిలిచినది. దానితోపాటు ఇంటిపేరు, గోత్రము నిలిచినవి. వ్రాతపుస్తకములు తక్కువ గనుక వంశవృత్తాంతము పెద్దల జ్ఞాపకములోనే యుండెడిది. ఏ ఇంటి ఆడపడుచు ఏ ఇంటికి పోయినదో, ఎవరి పొలము ఎవరికి తాకట్టుపడినదో అమ్మమ్మలకును, నాయనమ్మలకును, చావడిలో కూర్చుండు పెద్దలకును తెలియును.

అందరికి అన్నియు తెలిసియున్నచో ఆనాడు ఇంటిగుట్టు అనునది లేకుండెనా? ఉండెను; దానికి ఎల్లలు కూడ ఉండెను. చావడిలో పలికిన మాట ఎవరు వినిరో తెలియును. దానిని చెడుగా వాడినవాడు మరునాడు అదే చావడిలో తలయెత్తుకొని కూర్చుండలేడు. కాలము గడచినకొలది పాత అప్పులు, తగవులు, చెడిపోయిన సంబంధములు మరపున పడును. తెలిసినవారి కన్ను, ఊరి సిగ్గు, కాలము తెచ్చు మరపు — ఈ మూడును మన పూర్వుల ఇంటిగుట్టునకు కావలి.

ఊరు పెరిగినది. 1936లో పి.ఏ.సి. రామస్వామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్సుతో పరిశ్రమలకు పేరుపొందినది. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమును నడపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన తన ఇంటినే గాంధీ కళామన్రమునకు ఇచ్చివేసిరి. ఇల్లు ఊరికిచ్చుటయు, తలుపు తెరచియుండగా పరులు చొరబడుటయు ఒకటి కావు. మొదటిది యజమాని సంకల్పము. రెండవది ఆయన ఎరుగనిది. ఈ భేదమును మనస్సున ఉంచుకొనవలెను. 1990ల దశకములో ఆ మిల్లుల కుటుంబమువారి సంస్థల నుండియే చెన్నపట్టణము కేంద్రముగా రామ్కో సిస్టమ్స్ అను సాఫ్ట్‌వేరు సంస్థ వెలసినది. మన బిడ్డలును కంప్యూటరు చదువులు చదివి చెన్నపట్టణమునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయిరి.

వారి కంటె ముందే అమెరికా విశ్వవిద్యాలయములలోని తెలుగు విద్యార్థులు అంతర్జాలములో ఒక చావడి కట్టుకొనిరి. యూజ్‌నెట్ అను వార్తావేదికలలో తెలుగువారికొక శాఖ ఏర్పడినది. తెలుగు అక్షరములు తెరపై కనబడని కాలమది. రైసు విశ్వవిద్యాలయములోని తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుటకొక పద్ధతి కల్పించిరి. తమిళలిపిలో తెలుగు వ్రాసికొను మనకు వారి అవస్థ సులభముగా బోధపడును. భారతదేశమున సామాన్యులకు అంతర్జాలము అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15న. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. ఇప్పుడు చేతి ఫోనులోనే తెలుగు అచ్చు కనబడుచున్నది. లిపి రాని మన అవ్వలు తమ గొంతుతోనే తెలుగుమాట పంపి, సముద్రముల కావలనున్న మనుమలతో మాటాడుచున్నారు. ఈ మేలు చిన్నది కాదు.

అయినను ఈ క్రొత్త చావడికి పాత కావలి లేదు. దీనికి రెండు నిదర్శనములు చాలును. యూజ్‌నెట్‌లో వ్రాసినవారు పెక్కురు దానిని సాయంకాలపు మాటలుగనే తలచిరి. కాని 1995 నుండి డేజా న్యూస్ అను సంస్థ వాటిని భద్రపరచుచు వచ్చినది. 2001లో గూగుల్ ఆ భాండాగారమును కొని, ఎవరైనను వెదకుటకు వీలు కల్పించినది. విద్యార్థి దశలో ఆవేశముతో పలికిన మాట, ఉద్యోగస్థుడై ఇల్లాలితోను బిడ్డలతోను ఉన్ననాడు, అతని పేరుతోనే బయటపడినది. ఇందుకు విరుద్ధముగా, ఎన్నో సమాజములు ఏండ్ల తరబడి వ్రాసికొన్న యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడినవి. దాచుకొనని మాటలు పోయినవి. మరువదగినది నిలుచుట, నిలుపదగినది పోవుట — ఈ రెండును మన చేతిలో లేకపోయినవి.

మా ఇంటి అనుభవమొకటి చెప్పుదుము. కొన్ని ఏండ్ల క్రిందట మా బంధువర్గములో ఒక పిల్లకు సంబంధములు చూచుచు, నక్షత్రము, చదువు, జీతము, తండ్రి ఫోను నంబరు, ఛాయాచిత్రము గల పత్రికనొకదానిని ఒక ఇంటికి మాత్రమే ఫోనులో పంపితిమి. ఆ ఇంటివారు మేలుకోరియే దానిని తమ వాట్సాప్ గ్రూపులో పెట్టిరి. వారము తిరుగకముందే ఎరుగని ఊళ్లనుండి పిలుపులు మొదలైనవి. పిల్లకు పెండ్లియై, కాన్పైన పిదప కూడ "సంబంధము కుదిరినదా?" అని ఆమె తండ్రిని అడుగుచునే యుండిరి. తప్పెవరిదని విచారించితిమి. చెడుతలంపు ఎవరికిని లేదు. 2016 నుండి వాట్సాప్ సందేశములను నడిమార్గమున ఎవరును చదువకుండ తాళము వేయబడినది. కాని చేరినవారి చేతిలో తాళపుచెవి ఉండును గదా! అన్నిటికంటె మమ్ము బాధించినది వేరొకటి. ఆ పత్రికను పంపుటకు ముందు మేము ఆ పిల్లను ఒక్కమాటయు అడుగలేదు.

ఒకరి అజాగ్రత్త వందలమందిని ఎట్లు తాకునో అమెరికాలో జరిగిన ఒక వృత్తాంతము చెప్పుచున్నది. లాలాజలము పంపినచో వంశమూలములను, దూరపు బంధువులను తెలుపు సంస్థ 23అండ్‌మీ అనునది. 2023లో దొంగలు, ఇతరచోట్ల దొరకిన పాస్‌వర్డులను ప్రయోగించి, అందు సుమారు 14 వేల ఖాతాలు తెరచిరి. ఆ ఖాతాల నుండి బంధువుల పట్టికల దారిని పోయి సుమారు 69 లక్షలమంది వివరములు చేజిక్కించుకొనిరి. తమలో తామే పెండ్లిసంబంధములు చేసికొనుచు వచ్చిన అష్కెనాజీ యూదుల వివరములను వేరుగా పట్టిక వేసి అమ్మజూపిరి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరి న్యాయస్థానమునకెక్కినది. ఇంటిపేరు, గోత్రము చూచి సంబంధములు కలుపుకొను మనకు ఇది పరాయి కథ కాదు. మనలో ఒక్క ఇంటి వివరము తెలిసినచో పది ఇండ్ల వివరము తెలిసినట్లే. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు ఊరక అనలేదు.

చట్టము మనలను కాపాడదా అని కొందరడుగవచ్చును. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత రాజ్యాంగము రక్షించు ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెనని అందు కలదు. తప్పుచేసిన సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా కలదు. కాని ఒక వ్యక్తి తన సొంత పనికో, ఇంటి పనికో వివరములు వాడుకొనినచో ఆ చట్టము వర్తింపదు. అనగా పెద్దసంస్థల మీద కావలి పెట్టిన చట్టము మన బంధువుల గ్రూపు వాకిటికి వచ్చి నిలిచిపోవుచున్నది. ఆ లోపల కావలి మనమే.

కనుక చావడి మర్యాదను మరల తెచ్చుకొనుట మన పని. పిల్ల పత్రికను పంపుటకు ముందు పిల్లనే అడుగుదము. మొదట చదువు, ఊరు చెప్పి, ఇరువైపుల ఇష్టము తెలిసిన పిదపనే ఛాయాచిత్రము, నంబరు ఇత్తము. మనకు వచ్చినదానిని పంపినవారిని అడుగక మూడవవారికి పంపకుందము. కార్యము ముగిసిన పిదప ఇరువైపులవారును దానిని చెరపివేయుదము. కాలము చేయని మరపును మనమే చేయవలెను. ఒకే పాస్‌వర్డును పదిచోట్ల పెట్టకుందము. వంశవృక్షము వ్రాయువారు బ్రతికియున్నవారి పుట్టినతేదీలను, ఫోను నంబరులను అందు చేర్పకుందురు గాక! పోయినవారి కథలను మాత్రము కాగితముపై అచ్చువేసి నాలుగు ఇండ్లలో ఉంచుదము. యాహూ గ్రూపులవలె అవి ఒక్కనాటిలో పోవు.

మా వంతుగా మేము ఆ పిల్ల తండ్రివద్దకు పోయి, మా పొరపాటు ఒప్పుకొంటిమి. ఆయన నవ్వి నంబరు మార్చుకొంటినని చెప్పెను. క్రొత్త నంబరు మాకిచ్చుటకు ముందు మాత్రము ఒక్కక్షణము ఆగెను. ఆ క్షణకాలపు తడబాటు మన పిల్లలకు బంధువుల యెడల కలుగకుండ చూచుకొనుట మన చేతిలోనే యున్నది.