జైలు దాటి వచ్చిన దెయ్యం కథ

ఈ వారం ఎపిసోడ్‌ను ఇక్కడ రాతలో పెడుతున్నా. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు చదువుకోవచ్చు. టైం చాలక వదిలేసిన సంగతులు కూడా కొన్ని కలిపాను.

"అన్నా, ఎప్పుడూ చరిత్రేనా? ఒక దెయ్యం కథ చెప్పరాదే!" అని మీలో కొందరు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. సరే, చెబుతా. కాకపోతే నన్ను ఆ కథలో దెయ్యం కంటే, రాసినాయనకు జరిగిందే ఎక్కువ భయపెట్టింది.

ఆయన పేరు గుస్టావ్ మైరింక్. 1868లో వియన్నాలో పుట్టాడు. తల్లి నాటకాల్లో నటి. తండ్రి ఒక జర్మన్ రాజ్యంలో మంత్రి, గొప్ప వంశం. ఇద్దరికీ పెళ్లి కాలేదు కాబట్టి పిల్లవాడికి తల్లి ఇంటిపేరే వచ్చింది, మైయర్ అని. మైరింక్ అనేది తర్వాత తనే పెట్టుకున్న పేరు.

కుర్రతనంలోనే ప్రాగ్ నగరానికి చేరాడు. ఈరోజు అది చెక్ దేశం రాజధాని, అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. ఊళ్లో ఎక్కువమందిది చెక్ భాష, ఈయనది జర్మన్. 1889లో ఒకాయనతో కలిసి అక్కడే బ్యాంకు పెట్టాడు. మూడేళ్లకు, 24 ఏళ్ల వయసులో, చనిపోదామని తుపాకీ చేతిలోకి తీసుకున్నాడట. అదే క్షణంలో తలుపు కింద నుంచి ఎవరో ఒక చిన్న పుస్తకం లోపలికి తోశారు. చావు తర్వాత ఏముంటుందనే దాని మీద ఉన్న పుస్తకం అది. తుపాకీ పక్కన పెట్టేశానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అప్పటి నుంచి యోగం, మంత్రతంత్రాలు, ఆత్మల సంగతులు, ఏ పుస్తకం దొరికితే అది చదివాడు. మన మద్రాసు అడయారులో కేంద్రం ఉన్న దివ్యజ్ఞాన సమాజంతో కూడా కొన్నాళ్లు తిరిగాడు.

ఆ పిచ్చే ఆయన మెడకు చుట్టుకుంది. 1902 జనవరిలో మోసం కేసు పెట్టి పట్టుకెళ్లారు. ఆత్మలను అడిగి బ్యాంకు నడుపుతున్నాడని పుకారు. సుమారు రెండున్నర నెలలు లోపల ఉంచారు. ఆరోపణ నిలవలేదు, వదిలేశారు. కానీ డబ్బు దాచుకునేవాడికి బ్యాంకు మీద నమ్మకం పోయాక మిగిలేదేముంది? బ్యాంకు పోయింది, పరువు పోయింది, ఆరోగ్యం దెబ్బతింది. కొద్దికాలానికి ఆ ఊరే వదిలేశాడు. తర్వాత కథలు రాసి, డికెన్స్ నవలలు జర్మన్‌లోకి అనువాదం చేసి పొట్ట పోసుకున్నాడు.

ఆయనకు పేరు తెచ్చిన నవల 'గోలెం'. ఎన్నో ఏళ్లు పట్టింది దానికి. బొమ్మలు వేస్తానన్న ఆల్‌ఫ్రెడ్ కుబిన్ ఎదురుచూసి ఎదురుచూసి, వేసిన బొమ్మలను 1909లో తన సొంత నవలకే వాడేసుకున్నాడు! చివరకు గోలెం పత్రికలో సీరియల్‌గా నడిచి, 1915లో పుస్తకంగా వచ్చింది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో కూడా లక్షకు పైగా కాపీలు అమ్ముడుపోయింది.

గోలెం అంటే మంత్రాక్షరాలతో ప్రాణం పోసిన మట్టిమనిషి. నలుగుపిండి బొమ్మకు పార్వతమ్మ ప్రాణం పోసిన కథ విన్న మనకు ఇది కొత్తేం కాదు. 1609లో చనిపోయిన లోవ్ అనే యూదు గురువు దాన్ని చేశాడని ప్రాగ్‌లో చెప్పుకుంటారు. మైరింక్ ఆ పాత కథను మళ్లీ చెప్పలేదు. ఆయన నవలలో గోలెం యూదుల వాడలో 33 ఏళ్లకోసారి కనిపించే ఒక ముఖం. తలుపే లేని ఒక గది ఉంటుంది, ఉన్నది ఒక్క ఊచల కిటికీ. అది అక్కడ ఉంటుందని జనం నమ్మకం.

రాళ్లు చెక్కే పెర్నాత్ అనే మనిషి ఒక రాత్రి నేలకింది దారిలో తప్పిపోయి ఆ గదిలోకే వచ్చి పడతాడు. చలికి ఆగలేక అక్కడున్న పాత బట్టలు తొడుక్కుంటాడు. తెల్లారి వీధిలోకి వస్తే జనం గోలెం వచ్చిందని కేకలేస్తూ పరుగెత్తుతారు. గదిలో దెయ్యం లేదు. ఆ బట్టల్లో ఎవరుంటే వాళ్లే దెయ్యం.

ఇక్కడ నేను పుస్తకం మూసేశాను. ఆరేళ్ల కింద నేను పనిచేసే చోట స్టోర్‌లో సామాను తగ్గింది. తాళం నా దగ్గర ఉండేది. 11 రోజులు లోపల కూర్చోబెట్టారు. తర్వాత లెక్కలోనే తప్పని తేలింది, పొమ్మన్నారు. క్యాంపుకు తిరిగొచ్చిన రాత్రి, పక్క మంచం అతను నా ముందే తన పెట్టెకు తాళం వేసుకున్నాడు. ఆయన చెడ్డోడు కాదు. నా ఒంటి మీద ఆ బట్టలు కనిపించాయి, అంతే.

రెండు రోజులకు మళ్లీ పుస్తకం తెరిచాను. పెర్నాత్‌ను కూడా చేయని హత్యకు జైల్లో పెడతారు. నెలల తరబడి విచారణ ఉండదు. విడుదలై వాడకు వస్తే వాడ లేదు, ఇళ్లు కూల్చేస్తున్నారు. పక్కింటి పెద్దాయన, ఆయన కూతురు ఎక్కడికి పోయారో చెప్పేవాళ్లు లేరు. ఇది కల్పన కాదు. ప్రాగ్‌లో యోసెఫోవ్ అనే యూదుల వాడను ఆరోగ్యం, శుభ్రత పేరుతో 1893 చట్టం తెచ్చి నిజంగానే కూల్చారు. కొన్ని ప్రార్థనా మందిరాలు, పాత శ్మశానం, వాళ్ల టౌన్‌హాల్ మిగిలాయి. ఇరుకు సందుల చోట వెడల్పాటి రోడ్లు, పెద్ద మేడలు లేచాయి.

అందుకే నాకు అనిపిస్తుంది, ఆ కాలపు జర్మన్ దెయ్యం కథల్లో ఇది ఇంకా బతికి ఉండడానికి కారణం మంత్రాలు కావని. నిర్దోషివని చెప్పి వదిలేస్తారు గానీ పోయిన పేరునూ వీధినీ ఎవరూ తిరిగి తెచ్చివ్వరు. ఏ కాగితంలోనూ పట్టని ఆ మిగిలిన బాధకు మైరింక్ ఒక ముఖం ఇచ్చాడు.

ఆయన 1932లో, మ్యూనిక్ దగ్గరి స్టార్న్‌బెర్గ్‌లో చనిపోయాడు. అక్కడ తన ఇంటికి నవలలోని ఒక ఇంటి పేరే పెట్టుకున్నాడు, 'చివరి దీపం దగ్గరి ఇల్లు' అని.

ఆ పక్క మంచం అతను ఇప్పుడు ఇంటికి డబ్బు పంపే రోజు కార్డు నా చేతికే ఇస్తాడు. దానికి రెండేళ్లు పట్టింది. మీకూ ఇట్లాంటిది జరిగి ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పక్కర్లేదు.