రాగిరేకుపై నిలిచిన పేర్లు

తాటియాకుపై గంటముతో వ్రాసి, గీతలకు మసి రుద్ది, పైమసిని తుడిచివేయుట పెద్దలెరిగిన పనియే. గీతలలో మసి నిలిచి అక్షరము కనబడును. పూర్వము హాలండు దేశమున చిత్రములను రాగిరేకులపై చెక్కి అచ్చొత్తినవారి పద్ధతియు ఇట్టిదే. నునుపుచేసిన రేకుపై ఉక్కు ఉలితో గీతలు త్రవ్వి, సిరా పట్టించి, పైభాగము తుడిచి, తడికాగితము పరచి రోలర్ల నడుమ నొత్తెడివారు. గీతలలోని సిరా కాగితమున కెక్కును. అయితే కుడి ఎడమయగును. మూలమువలెనే కనబడవలెనన్నచో రేకుపై తారుమారుగా చెక్కవలెను.

ఇంత శ్రమ యెందుకు? గోడమీది చిత్రము కదలదు. 1520లో మరణించిన ఇటలీ చిత్రకారుడు రాఫేలు, రోమునగరమున ఒక మేడగోడపై గలాటియా యను జలదేవతను చిత్రించెను. చూడవలెనన్నచో అక్కడికే పోవలెను. హార్లెం నగరవాసియగు హెండ్రిక్ గోల్ట్‌జియస్ (1558–1617) రోమునకు పోయివచ్చి, 1592లో ఆ చిత్రమును రేకున చెక్కెను. ఇల్లు కదలనివారికిని దాని దర్శనము లభించెను. పసితనమున నిప్పులో కాలి వంకరపోయిన కుడిచేతితోనే ఆయన ఉలి పట్టెడివాడు.

ఆయన మిత్రుడు కారెల్ వాన్ మాండర్ 1604లో ప్రకటించిన గ్రంథమున ఒక ముచ్చట కలదు. 1594లో గోల్ట్‌జియస్, 1528లో గతించిన జర్మను చిత్రకారుడు డ్యూరరు శైలిలో, బాలక్రీస్తు సున్నతి ఘట్టమును చెక్కెను. కొన్ని ప్రతులలో తన గుర్తును కాల్చి తొలగించి, కాగితమునకు పొగబట్టించి పాతదివలె చేసెను. రసజ్ఞులమనుకొనువారు అది డ్యూరరు పనియే యని మెచ్చి, ఎక్కువ వెలకు కొనిరి. పిమ్మట గుర్తుతోడి ప్రతిని చూపగా సిగ్గుపడిరి. పని చూడక పేరు చూచువారికి అది తగిన పాఠము.

అయినను పేరు తక్కువది కాదు. 15వ శతాబ్దాంతమున హార్లెంలో సెయింట్ జాన్ మఠమున గెర్ట్‌గెన్ అను చిత్రకారుడుండెను. ఇరువదియెనిమిదేండ్లకే మరణించెనని వాన్ మాండర్ వ్రాసెను. ఆయన చిత్రించిన పెద్ద పూజాఫలకములో అధికభాగము, విగ్రహభంజకుల అల్లరిలోనో 1572–73 నాటి ముట్టడిలోనో నశించెను. మిగిలిన ఒక పార్శ్వఫలకము రెండుగా కోయబడి నేడు వియన్నా చిత్రశాలలో నున్నది. అందొకటి క్రీస్తుదేహముచుట్టు ఆప్తులు దుఃఖించు చిత్రము. 17వ శతాబ్దమున, గోల్ట్‌జియస్ సవతికుమారుడు యాకబ్ మాథం ఇంటివారు దానిని రేకున చెక్కి, క్రింద లాటిను భాషలో మూలకర్తను “లైడెను వాడగు గెరార్డు” అని పేర్కొనిరి. ఆయన లైడెను వాడను సంగతికి మనకు దొరకు తొలి ఆధారము ఆ వ్రాతయే!

చిత్రించినదెవరు, చెక్కినదెవరు, ప్రకటించినదెవరు అని అచ్చుచిత్రముల క్రింద వేరువేరుగా వ్రాయుట వారి ఆచారము. నేను బడిలో ఎన్నియో యేండ్లు పిల్లలచేత చూచివ్రాత వ్రాయించినవాడను. అది చేతికి సాధన యని మాత్రమే తలచెడివాడను. ప్రతి చేసినవాడు మూలకర్త పేరు విడువకున్నచో, మూలము ముక్కలైనను మనిషి మిగులునని ఈ కథవలన తెలిసికొంటిని.

మన యిండ్ల అటకలపై తాటియాకుల కట్టలున్నచో, పురుగు తినకముందే విప్పి చివరి ఆకును చూడుడు. వ్రాయసగాడు మూలకర్త పేరును, తన పేరును, తిథివారములను వ్రాసియుంచు చోటు సాధారణముగా అదియే.