పిన్ని మెడ మీద మచ్చలూ, మందు షాంపూ కథా

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా పిన్నికి పెళ్ళిచూపులు జరిగాయి. మే నెల, విపరీతమైన ఉక్క. ఆ ఉక్కలో కూడా పిన్ని మోచేతుల దాకా జాకెట్టు తొడుక్కుని, పైట మెడ చుట్టూ కప్పుకుని కూర్చుంది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తన మెడ మీదా, భుజాల మీదా లేత తెల్లమచ్చలు ఉండేవి. బొల్లి అని కొందరు, ఇంకా పెద్ద జబ్బు పేరు గొంతు తగ్గించి కొందరు అనుకునేవారు. ఆ సంబంధం తప్పిపోయింది. మచ్చల వల్లేనని ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

మొన్న సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి వీపు మీద అవే మచ్చలు కనిపించాయి. నా గుండె ఝల్లుమంది. తలలో చుండ్రు కూడా పొట్టు రాలినట్టు రాలుతోంది. చర్మవ్యాధుల డాక్టరమ్మ మచ్చ మీద కొంచెం గీరి, మైక్రోస్కోపులో చూసి, "ఇది శోభి అమ్మా. భయం లేదు. ఆ చుండ్రుకీ దీనికీ కారణం ఒకే ఫంగస్" అని ఒక మందు షాంపూ రాసిచ్చారు.

షాంపూనా! అయితే మా పిన్ని ఉక్కలో పైట కప్పుకుని కూర్చున్నది ఒక సీసా షాంపూతో పోయేదానికా? ఆ మాట నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ మందు ఎప్పటిది, ఎవరు కనిపెట్టారు, మనకెందుకు తెలియలేదు అని కూర్చుని చదివాను. చదివింది మీతో చెప్పుకోవాలనిపించింది.

శోభి మచ్చలకి కారణం ఒక ఫంగస్ అని జర్మనీలో ఐష్‌టెట్ అనే వైద్యుడు 1846లోనే గుర్తించాడు. 1874లో ఫ్రాన్సులో లూయీ చార్లెస్ మలాసే చుండ్రు పొట్టులో గుండ్రటి ఈస్టు కణాలు చూశాడు. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్టుకి ఇది దూరపు చుట్టం అనుకోండి. తర్వాత దానికి ఆయన పేరు మీదే మలాసీజియా అని పేరు పెట్టారు. ఇది ఎక్కడినుంచో వచ్చి పడే పురుగు కాదు. మీ తలలోనూ, నా తలలోనూ, శుభ్రంగా ఉండేవాళ్ళ తలలోనూ ఉంటుంది. వేడీ చెమటా జిడ్డూ దొరికినప్పుడు, ఒంటి తత్వం తోడైనప్పుడు పెచ్చుపెరుగుతుంది. చర్మంలో రంగు తయారవడానికి అడ్డుపడుతుంది, అందుకే మచ్చ తెల్లబడుతుంది. కాబట్టి "స్నానం సరిగ్గా చెయ్యదు" అని ఆడపిల్లని అనడం అన్యాయం.

ఇంకొకటి చదివి నేను నాలుక కరుచుకున్నాను. ఈ ఈస్టుకి ఆహారం నూనె. ల్యాబులో దీన్ని పెంచాలంటే ఆలివ్ నూనె పోస్తారట! నేనేమో అమ్మాయికి చుండ్రు అనగానే శనివారం రాత్రి కొబ్బరినూనె పట్టించి, జడ బిగించి, ఆదివారం మధ్యాహ్నం దాకా నాననిచ్చేదాన్ని. ప్రేమగానే పెట్టాను, కానీ ఆ విందు ఫంగస్‌కి పెట్టాను.

కారణం తెలిసినంత మాత్రాన మందు దొరకలేదు. చాలాకాలం గంధకం, తారు, సాలిసిలిక్ యాసిడ్ లేపనాలే దిక్కు. పిల్లల తలలో వచ్చే తామరకి మరీ ఘోరమైన వైద్యం చేశారు. పారిస్‌లో రేమాండ్ సబురో అనే పేరున్న చర్మవైద్యుడు 1904 ప్రాంతంలో ఎక్స్‌రేలతో జుట్టు రాలగొట్టే పద్ధతి తెచ్చాడు. జుట్టుతో పాటు తామర పోయేది, అందరూ మెచ్చుకున్నారు. 1950ల్లో ఇజ్రాయెల్‌లో వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి వేల సంఖ్యలో ఇదే వైద్యం చేశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తలలోనూ మెడలోనూ కణుతులు ఎక్కువగా వస్తున్నాయని 1974లో బయటపడింది. 1994లో అక్కడి ప్రభుత్వం నష్టపరిహారానికి చట్టమే చేసింది. ఆ తల్లులు కూడా నాలాగే పిల్ల చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళే కదా. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మనుషులకి భద్రంగా పనిచేసే మొదటి ఫంగస్ మందుని ఇద్దరు ఆడవాళ్ళు కనిపెట్టారు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో, రేచల్ బ్రౌన్ ఆల్బనీ ఊళ్ళో ఉండేవారు. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉద్యోగులు. హేజెన్ మట్టి నమూనాల్లోంచి సూక్ష్మజీవుల్ని పెంచి, ఫంగస్‌ని చంపేది కనిపిస్తే మనం పచ్చడి పెట్టుకునేలాంటి గాజు సీసాలో పోస్టు చేసేది. బ్రౌన్ అందులోంచి మందు పదార్థాన్ని వేరుచేసి తిరిగి పోస్టులో పంపేది. వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పాడిపశువుల పొలం మట్టిలో అసలుది దొరికింది. 1950లో లోకానికి చెప్పారు. న్యూయార్క్ స్టేట్ పేరు కలిసొచ్చేలా నిస్టాటిన్ అన్నారు. దానిమీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్లకి పైగా రాయల్టీని ఇద్దరూ సొంతానికి వాడుకోలేదు, పరిశోధనలకే ఇచ్చేశారు. ఇది షాంపూలో వాడే మందు కాదు గానీ, మనిషికి హాని లేకుండా ఫంగస్‌ని చంపొచ్చన్న ధైర్యం ఇచ్చింది.

ఆ 1950ల్లోనే సెలీనియం సల్ఫైడ్ షాంపూ వచ్చింది. 1961లో జింక్ పైరిథియోన్‌తో అమెరికాలో హెడ్ అండ్ షోల్డర్స్ వచ్చింది. తమాషా ఏమిటంటే, ఇవి పనిచేస్తున్నా, అసలు చుండ్రుకి ఈస్టు కారణమే కాదని చాలామంది వైద్యులు వాదిస్తూ ఉండేవారు. బెల్జియంలోని జాన్సెన్ కంపెనీ 1970ల్లో కీటోకొనజోల్ కనిపెట్టింది. ఫంగస్‌ని మాత్రమే దెబ్బతీసే ఈ మందుతో చుండ్రు తగ్గడం చూశాక, 1984లో శామ్ షస్టర్ అనే బ్రిటన్ చర్మవైద్యుడు, మలాసే చెప్పిందే నిజమని గట్టిగా వాదించాడు. అంటే 110 ఏళ్ళ తర్వాత!

ఈ కీటోకొనజోల్ కథలోనే మనం నేర్చుకోవాల్సిన పాఠం ఉంది. మొదట మాత్రగా వచ్చింది, 1981లో అమెరికాలో అనుమతి దొరికింది. ఆ మాత్రలు కొందరి కాలేయాన్ని బాగా దెబ్బతీశాయి. 2013లో యూరప్‌లో ఫంగస్ జబ్బులకి ఆ మాత్రలు ఆపెయ్యమన్నారు, అమెరికాలో వాడకం బాగా తగ్గించారు. అదే మందు షాంపూగా తలకి రాసి కడిగేస్తే రక్తంలోకి దాదాపు చేరదు. మందు ఒకటే. ఎక్కడ, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్న దాన్నిబట్టి మంచో చెడో అవుతుంది. ఎక్స్‌రే కథ నేర్పిందీ అదే.

ఇక మా ఇంటి సంగతి. అమ్మాయి మొదట వారం రోజులు ఆ షాంపూని మామూలు షాంపూలాగే నురగ రాగానే కడిగేసుకుని "పనిచెయ్యట్లేదమ్మా" అంది. తర్వాత పంతానికి రోజూ వాడింది, మాడు పొడిబారి మంట పుట్టింది. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు.

తలకి నూనె ఉంటే ముందు మామూలు షాంపూతోనో కుంకుడు రసంతోనో వదిలించుకోవాలి. మందు షాంపూ జుట్టుకి కాదు, మాడుకి పట్టించాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి, అప్పుడే మందు పనిచేస్తుంది. తర్వాత బాగా కడగాలి. చుండ్రుకి రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, మధ్యలో మూడు రోజుల ఎడంతో, రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గాక, మళ్ళీ రాకుండా వారానికో రెండు వారాలకో ఒకసారి చాలు. శోభికి ఒంటి మీద రాసే రోజుల లెక్క వేరు, అది డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి. కళ్ళల్లో పడితే నీళ్ళతో కడగాలి. పుండ్లున్న చోట రాయకూడదు. మంట, వాపు, దద్దుర్లు వస్తే ఆపెయ్యాలి. రంగు వేసిన జుట్టు, తెల్లజుట్టు కొంచెం రంగు మారొచ్చు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, చిన్నపిల్లల తల్లులూ అడక్కుండా వాడొద్దు.

పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు లేస్తుంటే అది తామర కావచ్చు. దానికి షాంపూ ఒక్కటే సరిపోదు, నోటి మందు కావాలి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే వెంటనే డాక్టరుకి చూపించండి. కుష్టుకి కూడా ఇవాళ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది. దాచుకోవాల్సిన పనే లేదు. పక్కింటావిడ చెప్పిందని స్టెరాయిడ్ కలిసిన ట్యూబు మాత్రం రాయకండి. రెండు రోజులు తగ్గినట్టుండి ఫంగస్ మరింత పాకుతుంది.

ఇంకొక్క మాట. ఫంగస్ చచ్చినా తెల్లదనం వెంటనే పోదు. చర్మం మళ్ళీ రంగు తెచ్చుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పొట్టు లేవడం ఆగితే మందు పనిచేసినట్టే. ఎండాకాలం మళ్ళీ రావచ్చు కూడా. రోజూ అద్దంలో చూసుకుని బెంగపడొద్దని మా అమ్మాయికి అదే చెప్పాను.

పిన్నికి తర్వాత మంచి సంబంధమే కుదిరింది. ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుతోంది. మొన్న ఫోన్లో ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పటికీ నేను పొట్టి చేతుల జాకెట్టు కుట్టించుకోనే, అలవాటైపోయింది" అంది. 1846లో తెలిసిన సంగతి మా ఊళ్ళో పిన్ని పెళ్ళిచూపుల నాటికి కూడా చేరలేదు. మీ ఇంట్లో ఏ పిల్లయినా ఉక్కలో మెడ కప్పుకుని తిరుగుతుంటే, దయచేసి ఒకసారి పక్కన కూర్చుని అడగండి.